చిన్న రసాల బీరు

మన ఊరు, ఆగిరిపల్లి మండలం
ఫిబ్రవరి 9

చిరంజీవి యోగితకి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. మామిడి పూత బాగా నిలిచింది. మంచు ఈ ఏడు దయ తలిచింది.

విషయానికి వస్తాను. బెంగళూరులో ఫుడ్ కంపెనీలో పని అని నాలుగేళ్ళుగా చెబుతున్నావు. అది బీరు తయారుచేసే చోటని నాకు రెండేళ్ళుగా తెలుసు. అప్పటి దసరాకి వచ్చినప్పుడు నీ బట్టలు నేనే ఉతికాను. మొలకకట్టి వేయించిన గింజల వాసన. నీ చిన్నప్పుడు రాగులు మొలకకట్టి మాల్ట్ కాచి పోసిన చేతులివి. ఆ వాసన నాకు ఇంకొకరు చెప్పాలా?

అడగలేదు. నువ్వే చెబుతావని చూశాను. మొన్న ఫోన్లో ఏదో అడగబోయి ఆగావు. ఎడమ చెవి పోయి, కుడిది మందగించిన దగ్గర్నుంచి నాకు స్పీకర్ పెడితే తప్ప వినపడదు. పెడితే ప్రహరీ అవతల తమ్ముడి ఇంటిదాకా వినపడుతుంది. అందుకే ఆగావని అర్థమైంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

ఏం కావాలో అడుగు. అబద్ధం మాత్రం రాయకు.

నీ పెద్దక్క
ప్రమీలారాణి


బెంగళూరు
ఫిబ్రవరి 20

పెద్దక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగు రోజులు బ్యాగులోనే పెట్టుకు తిరిగాను. జవాబు రాయడానికి భయం. తిడితే బాగుండేది.

అవునక్కా. నేను బీరు కాస్తాను. అమ్మ పోయాక నువ్వు పట్టుబట్టి చదివించిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీతోనే కాస్తాను. ఇది సీసాల ఫ్యాక్టరీ కాదు. ఒక పెద్ద హోటల్, దాని వెనక అద్దాల గదిలో ట్యాంకులు. అక్కడే కాచి అక్కడే పోస్తాం. ఐదారు రకాలు. తోట షెడ్డులో అన్నయ్యా వాళ్ళూ గుక్కలో దింపేసే సరుకు లాంటిది కాదు. మెల్లగా, తింటూ తాగేది. ఏ కూర పక్కన ఏది బాగుంటుందో ఎంచుకుని మరీ తాగుతారు.

ఇప్పుడు నా అవసరం చెబుతాను. మా ఓనర్ శశాంక్ వేసవికి మామిడి బీరు పెడదామన్నాడు. డబ్బా గుజ్జు, పైన నాలుగు చుక్కలు ఎసెన్స్, పక్కన పిజ్జా. నేను కాదన్నాను. మా నూజివీడు చిన్న రసాలతో చేస్తాను, పక్కన మన వంటే పెడతాను అన్నాను. చాలాసేపు నవ్వాడు. చివరికి ఒక్క సాయంత్రం ఇచ్చాడు. మే 31, శనివారం. నలభై మంది, ఐదు బీర్లు, ఐదు వంటకాలు. అది నిలబడితే చిన్న రసాల బీరు ఏడాదంతా ఉంటుంది, బ్రూయింగ్, అంటే బీరు కాచే పని మొత్తం నా చేతికి వస్తుంది. పోతే పూణే నుంచి ఒకతన్ని తెస్తాడట. నేను అతని కింద ట్యాంకులు కడగాలి.

అక్కా, నాకు పండ్లు కావాలి. ఇక్కడి మార్కెట్లో దొరికేవాటికి రంగు ఉంటుంది, వాసన ఉండదు. నువ్వు పూజలూ వ్రతాలూ చేసుకునే మనిషివి. వద్దంటే మళ్ళీ అడగను.

యోగిత


మన ఊరు
మార్చి 1

చిరంజీవి యోగితకి,

పండ్లు పంపుతాను.

నేను తాగను. తాగమని ఎవరికీ చెప్పను. కానీ ఈ ఊళ్ళో తాగుడంటే ఏమిటో నాకు తెలుసు. తోట బేరం కుదిరితే షెడ్డులో సీసా. కుదరకపోతే కూడా సీసా. కడుపులో ముద్ద ఉండదు. మధ్యాహ్నానికి మంచం మీద పడిపోతారు, సాయంత్రం లేచి స్వామి పల్లకి మోస్తారు. మోయొద్దని వాళ్ళనెవరూ అనరు. నువ్వు తింటూ తాగేదని రాశావు. అది నిజమైతే నా అభ్యంతరం సగం పోయింది. మిగతా సగం నేనూ దేవుడూ చూసుకుంటాం.

ఒక షరతు. ముందు విస్తరి పడాలి, తరువాతే గ్లాసు. ఆ నలభై మందిలో ఒక్కడు కూడా ఖాళీ కడుపుతో తాగకూడదు.

ఏటా తోటని ఒకే వ్యాపారికి కౌలుకిస్తాం కదా. ఇంటి తిండికి రెండు చెట్లు వదిలి, వాటి మొదళ్ళకి సున్నం పట్టె వేస్తాం. ఆ చెట్లని కౌలుదారు ముట్టడు. ఈసారి నా రెండెకరాల్లో ఎనిమిది చెట్లకి పట్టె వేయించాను. అన్నీ చిన్న రసాలు. తమ్ముడు చూసి, ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఎనిమిది చెట్లు ఎవరు తింటారని అడిగాడు. పిల్లకి అన్నాను. ఏ పిల్లకని అడగలేదు, నేను చెప్పలేదు.

శనివారం పెట్టుకున్నావు. సరే. శనివారం నేనిక్కడ రామాలయంలో దద్దోజనం వండుతుంటాను. నువ్వక్కడ వండించు.

పెద్దక్క


బెంగళూరు
ఏప్రిల్ 26

పెద్దక్కా,

తొలి పెట్టె రెండు వారాల కిందటే అందింది. మూత తీయగానే అద్దాల గదంతా మన పెరడైపోయింది. శశాంక్ వచ్చి, ఇదేంటి, సెంటు కొట్టావా అన్నాడు. ఒక పండు చేతికిచ్చాను. చాకు అడిగాడు. నవ్వొచ్చింది. మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి జుర్రుకోవడం నేర్పాను. చొక్కా పాడైంది, నోరు మూతపడింది.

కానీ అక్కా, బీరు పాడైంది. గోధుమ బీరు కాచి, పులిసేటప్పుడు రసం కలిపాను. అందులో హాప్స్, అంటే బీరుకి చేదిచ్చే పువ్వులు, తక్కువ, పండు వాసన నిలుస్తుంది. తీపంతా ఈస్ట్ తినేస్తుంది, వాసనా చిన్న పులుపూ మిగులుతాయి. లెక్క ప్రకారం అంతే. వాసన నిలిచింది కూడా. మింగాక మాత్రం గొంతులో ఏదో గీరినట్టుంది. అందరికీ అలాగే ఉందన్నారు. నీళ్ళు మార్చాను, ఈస్టు మార్చాను, ట్యాంకు రెండుసార్లు కడిగించాను. పోలేదు. ఇంకొక్కసారికే టైముంది.

వంటకాల సంగతి కూడా తేలలేదు. శశాంక్‌కి ఒకటే పట్టు. చేదు బీరు ఒకటుంది, ఐపీఏ అంటారు. దాని పక్కన గోంగూర చికెన్ పెట్టాలట, మంట మీద మంట అట. నాకెందుకో నచ్చడం లేదు. ఎందుకో చెప్పలేకపోతున్నాను. నల్ల బీరు ఒకటుంది, బాగా వేయించిన బార్లీతో కాస్తాం, కాఫీ గింజల వాసన. తేలికగా, నీళ్ళలా తేటగా ఉండేది లాగర్. పుల్ల బీరు ఒకటి. ఆఖరున మన చిన్న రసాలు. దేని పక్కన ఏది పెట్టనక్కా? నువ్వు రుచి చూడకుండా చెప్పలేవని తెలుసు. అయినా అడుగుతున్నాను.

యోగిత


మన ఊరు
మే 1

చిరంజీవి యోగితకి,

రుచి చూడక్కర్లేదు. నీ గొంతులో గీరింది సొన.

ఇంట్లో రసం పండు తినేటప్పుడు ముచ్చిక తీసి మొదటి నాలుగు చుక్కలు పిండి పారేస్తాం. నీకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ పని నేనే చేసి పండు నీ చేతికిచ్చాను. నీకెప్పుడూ ఆ అవసరం రాలేదు, తెలియలేదు. తప్పు నాది. నువ్వు పెట్టెడు పండ్లూ ముచ్చికల దగ్గర్నుంచి పిండేసి ఉంటావు. ఎమ్మెస్సీ పుస్తకంలో సొన సంగతి ఉండదు కాబోలు.

రేపు బస్సు పార్సిల్లో ఆరు పెట్టెలు వస్తాయి. మన కోత కూలీల జోజమ్మ, ఆమె మనుషులు వల చిక్కాలతో కోశారు, ఒక్క కాయ నేల తగల్లేదు. ముచ్చికలు కిందికి పెట్టి సొన కార్చాము. తరువాత వరిగడ్డిలో మాగవేశాను. రెండు రోజులు ఆగి, ఒక్కొక్క పండూ చేత్తో చూసి పిండు. మొదటి చుక్కలు పారేయి. టెంక గట్టిగా రుద్దకు, వగరు దిగుతుంది. ఎవరికో అప్పగించి ఫోను చూసుకోకు.

ఇక వంటలు. మీ శశాంక్ గారితో చెప్పు, కారం పక్కన చేదు పెట్టకూడదు. కారం ఇంకా మండుతుంది, చేదు ఇంకా చేదెక్కుతుంది. కాకరకాయ వేపుడు చేసిన రోజు నేను కొత్త ఆవకాయ వడ్డించను. చేదుకి కావలసింది బెల్లం, నెయ్యి. ఐపీఏ పక్కన నేతి బొబ్బట్టు పెట్టు. మధ్యలో తీపేంటి అంటారు. అననీ.

తేలికదాని పక్కన పెసర పుణుకులు. నూనె నోట్లో మిగలకుండా అది కడిగేస్తుంది. నల్లదాని పక్కన వేటమాంసం ఇగురు. నేను మానేసి పదేళ్ళయినా వండటం మరవలేదు. ఇగురు అడుగంటబోయే ముందు ఒక వాసన వస్తుంది, అక్కడ దించాలి. నువ్వు చెప్పిన వేయించిన బార్లీ వాసన దానికి చుట్టమే. పుల్లదాని సంగతి నాకు తెలియదు. నువ్వే చూసుకో.

చిన్న రసాలకి ఆలోచించనక్కర్లేదు. వేసవిలో మనం దేనిలో పిండుకుంటాం? పెరుగన్నంలో. దద్దోజనం చేయించు. అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ తాలింపు. పక్కన వేయించిన చల్లమిరపకాయ ఒకటి. పెరుగు పులవకూడదు. అన్నం వేడిగా ఉండగానే పాలు పోసి మెదపాలి, చల్లారాకే పెరుగు.

పెద్దక్క


బెంగళూరు
మే 15

పెద్దక్కా,

సొనే. మొదటి చుక్కలు పిండి పారేశాం, గొంతు గీర మాయమైంది. నలుగురం కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిండాం. మా వంటవాళ్ళలో ఒకతను మీ అక్క ఏం చదివారు మేడమ్ అని అడిగాడు. తొమ్మిదో క్లాసు అంటే నమ్మలేదు.

దద్దోజనం మాట చెప్పగానే శశాంక్ లేచి బయటికెళ్ళిపోయాడు. బీరు పక్కన పెరుగన్నమేంటి, జనం నవ్విపోతారన్నాడు. చేయించి పెట్టాను. ఒక ముద్ద, ఒక గుక్క. ఇంకో ముద్ద, ఇంకో గుక్క. గిన్నె ఖాళీ చేసి, దీన్ని ఆఖరున పెట్టు, ఆ నోటితోనే ఇళ్ళకి పోవాలి అన్నాడు. బొబ్బట్టు మీద మాత్రం ఇంకా అనుమానంగానే ఉన్నాడు.

ఇప్పుడొక ఇబ్బంది. వడ్డన కార్డు మీద పండు ఎక్కడిదో రాస్తారు. ప్రమీలారాణి తోట, ఆగిరిపల్లి మండలం, వంటల ఎంపిక కూడా ఆమెదే అని వేద్దామంటున్నాడు. వాళ్ళు దాన్ని ఫోటో తీసి ఇన్‌స్టాలో పెడతారు. మన ఊళ్ళో చూసేవాళ్ళుంటారు. హాసిని ఫోను ఇరవై నాలుగ్గంటలూ అందులోనే ఉంటుంది, నీకు తెలుసు. అన్నయ్య కూతురికి తెలిస్తే అన్నయ్యకి తెలిసినట్టే. ఊరి పేరు తీసేసి కృష్ణా ప్రాంతపు మామిడి అని వేయించనా? నా గురించి నాకెలాగూ భయం లేదు. నా పెళ్ళి కాకపోవడం ఒక తప్పనీ, ఇది రెండోదనీ అంటారు, అంతేగా. నీ గురించే.

యోగిత


మన ఊరు
మే 18

చిరంజీవి యోగితకి,

నా పేరే వేయించు. ఊరి పేరుతో సహా.

ముప్ఫై ఏళ్ళుగా ఈ చెట్లకి నీళ్ళు పెట్టింది నేను. పెట్టెల మీద కౌలుదారు పేరే పడుతూ వచ్చింది. ఒక్కసారైనా నా పేరు పడితే చూడాలని ఉంది. ఎక్కడ పడుతుందో నాకు పట్టింపు లేదు.

దద్దోజనంలో జీడిపప్పు వేయించకు. హోటలు వాళ్ళకి ఆ అలవాటు ఉంటుంది.

పెద్దక్క


బెంగళూరు
మే 25

పెద్దక్కా,

ఎందుకు దాచావు?

కార్డు ఫోటో మొన్న గురువారం పెట్టారు. నిన్న రాత్రి హాసిని ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆ ఫోటో మన ఊరి వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిందట. నిన్న శనివారం భజనలో రామాలయం పెద్ద చిన్నయ్య గారు మైకులో నిన్ను ప్రసాదం వంట మానుకోమన్నారట. అది విని నీకు ఫోన్ చేస్తే, పండ్లు సరిపోయాయా అని అడిగి పెట్టేశావు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి శనివారం నువ్వు ఆ గరిటె పట్టుకోవడం నేను చూశాను. జ్వరంతో కూడా వెళ్ళావు. అది పోయిందని నాకు హాసిని చెప్పాలా?

నేను ఆలోచించుకున్నాను. వచ్చే శనివారం విందు ఆపేస్తాను. పూణే అతని కింద పనిచేస్తాను, ఏం కాదు. కార్డు మీద పేరు ఇప్పుడే తీయించేస్తాను. అన్నయ్య మాట కూడా హాసిని చెప్పింది. నీకేమీ తెలియదనీ, నేను అబద్ధం చెప్పి పండ్లు తెప్పించుకున్నాననీ నువ్వొక్క మాట అంటే వాళ్ళు వదిలేస్తారట. అనేయి అక్కా. నా మీద పెట్టేయి. నాలుగేళ్ళు అబద్ధమాడిన దాన్నే కదా, ఇదొకటి ఎక్కువ కాదు.

నీ జవాబు కోసం చూడను. రేపు శశాంక్‌తో మాట్లాడతాను.

యోగిత


మన ఊరు
మే 27

చిరంజీవి యోగితకి,

ఈ ఉత్తరం చేరేలోగా శశాంక్ గారితో మాట్లాడి ఉంటే మళ్ళీ వెళ్ళి మాట్లాడు. విందు జరగాలి.

నీకు చెప్పకపోవడం తప్పే. చెబితే ఆపేస్తావని చెప్పలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

భజన అయింది. హారతి అయింది. నేను గరిటె పట్టుకుని గంగాళం దగ్గర నిలబడ్డాను. చిన్నయ్య గారు మైకు తీసుకుని, ప్రమీలారాణమ్మ గారి తోట పండు మద్యానికి వెళ్ళింది కాబట్టి వచ్చే వారం నుంచి ప్రసాదం వంట ఇంకొకరు చూస్తారని చెప్పారు. ఆయన్ని అనను. గుడి కమిటీ మాట ఆయన నోట వచ్చింది. ఆ కమిటీలో తమ్ముడు కూడా ఉన్నాడు, తల దించుకుని ఉన్నాడు. ఆరోజు వండింది అందరికీ వడ్డించాను. ఎవరూ వద్దనలేదు. ఇద్దరు మారు కూడా వేయించుకున్నారు.

తరువాత అరుగు మీద కూర్చోబెట్టారు. చిన్నయ్య గారు మెల్లగా చెప్పారు.

“అమ్మా, ఆ పిల్ల ఏదో చెప్పి నీ చేత పండ్లు తెప్పించుకుంది. నీకు తెలియదు. ఆ ఒక్క మాట అను. గరిటె మళ్ళీ నీదే.”

“తెలిసే పంపానండీ,” అన్నాను.

“నీకేం తెలుసక్కా బీరంటే?” అన్నాడు తమ్ముడు.

“షెడ్డులో నువ్వు పడేసిన సీసాలు పాతికేళ్ళుగా ఏరిస్తున్నాను వీరరాఘవయ్యా. ఆ మాత్రం తెలుసు.”

గుమ్మం దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. వాడికి కోపం వచ్చింది.

“దేవుడికి పెట్టే దద్దోజనం తీసుకెళ్ళి తాగేవాళ్ళ ముందు పెట్టిస్తావా?”

“నైవేద్యం పెడితే ప్రసాదం. పెట్టకపోతే పెరుగన్నం. ఆకలైన వాడి ముందు పెరుగన్నం పెట్టడానికి నాకు కమిటీ తీర్మానం అక్కర్లేదు.”

అంతే. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి దేవుడి గదిలో కూర్చున్నాను. చేతులకి ఏం చేయాలో తోచలేదు. నీ దగ్గర దాచడమెందుకు, ఏడ్చాను. ఆ వంట నాకు జపం లాంటిది. మీ బావ గుమ్మంలో నిలబడి, కాఫీ పెట్టనా అన్నారు. పెళ్ళయ్యాక ఆయన కాఫీ పెట్టడం అదే మొదలు. చక్కెర వేయడం మరిచిపోయారు. తాగాను.

ఇప్పుడు నువ్వు విను. నాకు తెలియదని నేను అనను. అంటే నువ్వు దొంగవవుతావు, నేను వెర్రిదాన్నవుతాను. రెండూ కాదు మనం. నోటితో అబద్ధమాడి మళ్ళీ వెళ్ళి వండితే ఆ అన్నం స్వామి ముట్టడు. ఆ గరిటె నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. అంత ఇష్టమైనదాన్ని అబద్ధం పెట్టి కొనుక్కోలేను.

పేరు తీయించకు. తీయిస్తే నాకు వాళ్ళ మీద రాని కోపం నీ మీద వస్తుంది.

తమ్ముడు శనివారం తెల్లవారుజామున బస్సెక్కి నిన్ను నిలదీయడానికి వస్తానంటున్నాడు. రానీ. దారిలో ఏమీ తినడు, వాడి సంగతి తెలుసుగా. ముందు పుణుకులు పెట్టు.

పెద్దక్క


బెంగళూరు
జూన్ 2

పెద్దక్కా,

జరిగింది. కార్డు మీద నీ పేరుతోనే జరిగింది. శశాంక్‌తో వద్దని చెప్పేశాను గానీ, నీ ఉత్తరం అందగానే మళ్ళీ వెళ్ళి జరగాలన్నాను.

సాయంత్రం ఆరున్నరకి నలభై మందీ కూర్చున్నారు. నీ షరతు శశాంక్ చేతే చెప్పించాను. ముందు పళ్ళెం, తరువాతే గ్లాసు. ఒకాయన, మేడమ్, బీరు ముందు తెండి అని గొణిగాడు. మా అక్క ఒప్పుకోదండీ అన్నాను. అప్పుడే గుమ్మంలో అన్నయ్య. తెల్ల చొక్కా, చంకలో సంచి, ముఖం ఎర్రగా. హోటలు వాళ్ళు బుకింగ్ ఉందా సార్ అని అడుగుతున్నారు. ఎదురెళ్ళి, అన్నయ్యా, రా, ఏమైనా తిన్నావా అన్నాను. తినలేదన్నాడు. కిటికీ పక్క చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి పుణుకులు పెట్టించాను. తిట్టడానికి వచ్చినవాడు నోటినిండా పుణుకులతో ఏం తిడతాడు.

లాగర్ తాగి, ఇందులో ఏముంది, నీళ్ళేగా అన్నాడు. ఇగురుతో నల్ల బీరు దగ్గర పళ్ళెం అడుగు వేలితో తుడుచుకుని తిన్నాడు. ఐపీఏ గుక్క వేసి ఇదేం చేదే అని మూతి తిప్పాడు. బొబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకుని మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. అప్పటికి హాలంతా అదే పనిలో ఉంది. బొబ్బట్లు రెండోసారి వేయించాల్సి వచ్చింది. శశాంక్ నా వైపు అనుమానంగా చూడటం మానేశాడు.

అన్నీ గెలవలేదులే. పుల్ల బీరు పక్కన చేపల పులుసు పెట్టడం నా సొంత తెలివి. పులుపు మీద పులుపు. సగం పళ్ళాలు అలాగే వెనక్కి వచ్చాయి. నువ్వు నాకొదిలేసిన ఒక్కదాన్నీ నేనే పాడుచేశాను.

ఆఖరున చిన్న రసాలు. చిన్న ఇత్తడి గిన్నెల్లో దద్దోజనం, మీద ఒక చల్లమిరపకాయ. జీడిపప్పు లేదు. అందరి చెంచాలూ కదిలాయి. నలభై మంది పెరుగన్నం తింటున్న చప్పుడు నేనెప్పుడూ వినలేదక్కా. నేను అన్నయ్య దగ్గరికెళ్ళి నిలబడ్డాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచాడు. తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

“ఇది కాలవ గట్టు చెట్టు కాయ,” అన్నాడు.

ఎనిమిది చెట్ల రసం కలిపేశాను, ఎలా చెప్పాడో తెలియదు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కార్డు చూస్తూ, ఈ ప్రమీలారాణి ఎవరో గానీ అని మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అటు తిరిగాడు.

“మా అక్కండీ,” అన్నాడు.

ఆ తరువాత ఆవిడకి చిన్న రసానికీ పెద్ద రసానికీ తేడా చెబుతూ అరగంట కూర్చున్నాడు. నన్ను నిలదీయలేదు. పొద్దున బస్సెక్కేటప్పుడు, పులుసు తగ్గించు అని మాత్రం అన్నాడు.

శశాంక్ నిన్న పిలిచాడు. బీరు ఏడాదంతా ఉంటుంది, బ్రూయింగ్ నాకే. కానీ చిన్న రసాలు అంటే ఎవరికీ నోరు తిరగదు, ఏదైనా ఇంగ్లీషు పేరు పెడదామన్నాడు. నాలుగు నెలల కిందటి యోగిత అయితే సరేననేది. పేరు మారిస్తే కాచే మనిషిని కూడా మార్చుకోండి అన్నాను. నీలాగే, గొంతు పెంచకుండా. కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించి, స్పెల్లింగ్ రాసివ్వు అన్నాడు.

నాకు రావలసింది నాకొచ్చింది. నీది పోయింది. అదొక్కటే మింగుడు పడటం లేదు.

యోగిత


మన ఊరు
జూన్ 15

చిరంజీవి యోగితకి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. చేపల పులుసు దగ్గర ఆయన చాలాసేపు నవ్వారు. పుల్లదాని పక్కన వచ్చేసారి మెంతికూర పప్పు పెట్టి చూడు. కమ్మదనం కావాలి దానికి.

చెట్లు ఖాళీ అయ్యాయి. కోత ముగిసిన రోజు, కిందటి శనివారం, ఇంట్లో దద్దోజనం వండి నైవేద్యం పెట్టి తోటలోకి పట్టుకెళ్ళాను. జోజమ్మా వాళ్ళూ పన్నెండు మంది చెట్ల కింద కూర్చుని తిన్నారు. జోజమ్మ, ఎన్నాళ్ళుగానో గుళ్ళో నీ వంట గొప్పని వింటున్నానమ్మా, ఇన్నాళ్ళకి నా నోటిదాకా వచ్చింది అంది. ఇరవై రెండేళ్ళు ఆమె మా తోటలోనే కోసింది. ఆ మాట నన్ను ముల్లులా గుచ్చింది. నిన్న శనివారం మళ్ళీ వండాను. భజన అయ్యాక గుడి నుంచి ఐదుగురు ఆడవాళ్ళు నేరుగా ఇక్కడికి వచ్చారు. అక్కడ ప్రసాదంలో ఉప్పు ఎక్కువైందట. నేను బాగోగులు ఏమీ అడగలేదు. వడ్డించాను.

తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చాక నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు ప్రహరీ మీంచి, పిల్ల చిక్కిపోయింది, నెయ్యి పంపు అన్నాడు. పంపాను, చేరే ఉంటుంది.

ఈ పొద్దున వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కమిటీ మాట తెచ్చాడు. జరిగిందేదో జరిగింది, ఎవరూ ఏమీ అనక్కర్లేదు, నువ్వు మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు, వాళ్ళూ ఆ సంగతి ఎత్తరు, వచ్చే శనివారం మామూలుగా వచ్చి గరిటె పట్టుకోమంటున్నారు అన్నాడు. వాడు నా తరఫున గట్టిగానే మాట్లాడి ఉంటాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

నాకు వెళ్ళాలనే ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. గంగాళం, కట్టెల పొగ, తాలింపు వేసేటప్పుడు గంట కొట్టడం, అన్నీ కళ్ళ ముందుకి వచ్చాయి.

“నన్ను ఎందుకు ఆపారో మైకులో చెప్పారు,” అన్నాను వాడితో. “ఎందుకు పిలుస్తున్నారో కూడా మైకులోనే చెప్పమను. ప్రమీలారాణి తెలిసే పంపింది, ఆమె చెల్లెలు బీరు కాస్తుంది, అయినా ఆమె వంట మాకు కావాలి అని చెప్పమను. ఆ రోజు వస్తాను.”

“అంత మాట వాళ్ళెలా అంటారక్కా?”

“నువ్వు అక్కడ అన్నావుగా. మా అక్కండీ అని.”

వాడు లేచి చిన్నయ్య గారింటి వైపే వెళ్ళాడు.

ఇంకా కబురు రాలేదు. నాకు తొందర లేదు. స్వామికి కూడా ఉండదనే అనుకుంటున్నాను.

పెద్దక్క
ప్రమీలారాణి